మా పాటగాణ్ణి వెనక్కి తేవడానికి మైపాడు వెళ్ళాను

మైపాడు బీచికి జనం దేనికి వెళ్తారు? నీళ్ళలో ఆడుకోవడానికి, చేపల పులుసు తినడానికి, ఫొటోలు దిగడానికి. మే నెల ఎండలో, మా బ్యాండు పాటగాణ్ణి బతిమాలి వెనక్కి తెచ్చుకుందామని వెళ్ళినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఈ బ్లాగులో ఇప్పటిదాకా కొండల గురించి, కోటల గురించి, హోటళ్ళ గురించి రాశాను. ఈసారి రాసేది చేదుగా ఉంటుంది. మైపాడు దారి, బస్సు టైములు, తిండి సంగతులు కావలసినవాళ్ళకి అవీ ఉంటాయి. మధ్యమధ్యలో నా ఏడుపు కూడా ఉంటుంది, కాస్త భరించండి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మాది 'వడగాడ్పు' అనే మెటల్ బ్యాండు. తెలుగులో మెటలేంటని నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు, మా పిన్నితో సహా. నేను గిటారు వాయిస్తాను. బెజవాడలో చర్చి క్వయర్లో నేర్చుకున్నాను, తర్వాత దారి తప్పానని ఇప్పటికీ మా పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటారు. పాడేది పెంచలయ్య. అందరూ పెంచల్ అంటారు. మైపాడు పక్కన ఒక పాలెంలో, సముద్రం మీద వేటకు పోయే ఇంట్లో పుట్టాడు. హైదరాబాదులో ఒక టైర్ల గోడౌను వెనక గదిలో పదకొండేళ్ళు ప్రాక్టీసు చేశాం. చాలా ఏళ్ళు ఎవడూ పట్టించుకోలేదు. అప్పుడు 'తాడు' అనే పాట కట్టాం. వాళ్ళ ఊళ్ళో వల లాగేటప్పుడు చెప్పే హైలెసతో అది మొదలవుతుంది. ఆ హైలెసని పెంచల్ కడుపులోంచి గర్జించినట్టు అరుస్తాడు. చిన్నప్పటినుంచి వాళ్ళ మేనమామ నోట విన్నదే, దానికి మా కరెంటు గిటార్లు తోడయ్యాయి. ఆ ఒక్క పాటతో మా దశ తిరిగింది. అస్సామీలు, తమిళులు, కన్నడిగులు, ఎవరికీ ముక్క అర్థం కాదు, అందరూ హైలెస అరిచేవాళ్ళు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీండి. పోయిన డిసెంబరులో బెంగళూరులో ఒక పెద్ద మ్యూజిక్ పండగకి చివరి వాయింపు మాకిచ్చారు. చివర వాయించేవాళ్ళే ఆ రాత్రికి పెద్దవాళ్ళని లెక్క. దానికి మూడు వారాల ముందు పెంచల్ గొంతు పట్టేసింది. గొంతులో చిన్న కాయలు లేచాయి, నోరు మూసుకుని విశ్రాంతి తీసుకోమని డాక్టరు చెప్పాడు. నేను వాయింపు వదులుకోలేదు. పదకొండేళ్ళకి ఒక్కసారి వచ్చిందాన్ని ఎవడు వదులుకుంటాడు? రికార్డు చేసిన పెంచల్ గొంతుని అడుగున నడపమని సౌండు చూసేవాడికి చెప్పాను. పెంచల్‌కి చెప్పలేదు. 'తాడు' సగంలో ఉండగా అతనికి దగ్గొచ్చి మైకు దించాడు. పాట ఆగలేదు. అతని గొంతు స్పీకర్లలోంచి వస్తూనే ఉంది. మైకు తొడ దగ్గర పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మైదానం నిండా ఉన్న జనంలో ఒక్కడికీ తేడా తెలియలేదు, గెంతుతూనే ఉన్నారు. మర్నాడు పేపర్లో మాకు జీవితంలో మొదటిసారి సగం పేజీ వచ్చింది. అదే పొద్దున పెంచల్ "కొన్నాళ్ళు ఆపుదాం అన్నా" అని సంచి సర్దుకున్నాడు. మేము అందరికీ 'తాత్కాలిక విరామం' అని పోస్టరు పెట్టాం.

ఆ తర్వాత ఐదు నెలలు నేను అతని మీద మండిపడుతూనే ఉన్నాను. తప్పు చేశాను, సారీ చెప్పాను. ఫోన్లో చెప్పాను, మెసేజీలో చెప్పాను. ఇంకెన్నిసార్లు చెప్పాలి? అంతలో ఆగస్టులో జర్మనీలో ఒక వేదిక వచ్చింది. మా డ్రమ్ములవాడూ బేసువాడూ తలా ఒక ఉద్యోగం వెతుక్కుంటున్నారు, అది కాస్తా దాటిపోతే ఇక బ్యాండు అనేది ఉండదు. ఇరవై మూడో తారీకు సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమన్నారు. పెంచల్ ఫోనెత్తడు. అందుకని ఇరవై రెండు రాత్రి హైదరాబాదులో రైలెక్కాను.

పొద్దున ఐదున్నరకి నెల్లూరులో దిగాను. స్లీపరు టికెట్టు నాలుగు వందల చిల్లర. మే నెలలో ఏసీ తీసుకోండి, నాలాగా పిసినారి పని చేసి ఉడికిపోకండి. స్టేషను బయట చిన్న హోటల్లో కారం దోశ తిన్నాను. నెల్లూరు కారం దోశ గురించి చాలామంది చాలా రాశారు, నేను ఒక్కటే చెప్తాను. ఖాళీ కడుపుతో, కోపంగా ఉన్నప్పుడు తినకండి. అక్కణ్ణుంచి ఆటోలో మైపాడు గేటు సెంటరుకి వచ్చి బస్సెక్కాను. పాతిక కిలోమీటర్ల లోపే, ఇందుకూరుపేట మీదుగా గంట పడుతుంది, టికెట్టు నలభై లోపే. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, పొద్దుటి ఎండ మొహాన కొట్టదు. దారంతా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్మే చక్రాలు. పక్కన కూర్చున్న పెద్దాయన రొయ్యకి వచ్చిన తెగులు గురించి మైపాడు దాకా చెప్తూనే ఉన్నాడు. నేను ఊ కొడుతూ, పెంచల్‌తో ఏం మాట్లాడాలో మనసులో వల్లె వేసుకుంటున్నాను.

మైపాడులో దిగేసరికి ఎనిమిది దాటింది. పాలేనికి ఇంకా నాలుగు కిలోమీటర్లు. బస్సు స్టాపులోనే ఒక ఆటో ఉంది, డ్రైవరు పేరు మస్తాన్.

"యాడికి సామీ?"

"పాలెం. పెంచలయ్య ఇల్లు తెలుసా?"

"పాటల పెంచలయ్యా? రమణమ్మక్క తమ్ముడు గదా. ఇప్పుడు పాటల్లేవులే సామీ. మాటలు గూడా సగం సగమే ఆడతుండాడు." నూట ఇరవై అడిగాడు, నేను వంద అన్నాను, నా మొహం చూసి ఒప్పుకున్నాడు. ఎక్కాక ఒక స్పీకరు తీసి బ్లూటూత్‌తో పాత పాటలు పెట్టాడు. ఆ స్పీకరు మీద అప్పుడు నాకే దురుద్దేశమూ లేదు, ప్రమాణం చేసి చెప్తున్నా.

ఒడ్డు పొడవునా మోటారు బోట్లన్నీ ఇసకలోకి లాగేసి ఉన్నాయి. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా వాటికి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఒడ్డున నిలబడి చేతుల్తో లాగే అలివి వలకి మాత్రం అడ్డులేదు. మస్తాన్ ఇదంతా చెప్పి, "మీ కాడ గూడా పెంచలయ్య ఆపేసినాడంట గదా. మాది జూన్ నడుమ ఎత్తేస్తారు. మీదెప్పుడు ఎత్తేస్తారు సామీ?" అన్నాడు. ఎగతాళి కాదు, మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ముందు చూసి నడపవయ్యా అన్నాను.

పెంచల్ ఇంట్లో లేడు. అందరూ ఒడ్డునే ఉన్నారన్నారు. వెళ్ళేసరికి వల లాగడం మొదలై చాలాసేపైంది. చూడనివాళ్ళకి చెప్తాను. తెల్లారుజామున ఒక తెప్ప వలని తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి వస్తాయి, ఒకదానికొకటి రెండు వందల అడుగుల దూరంలో. ఒక్కో తాడుకి పదిహేను, ఇరవై మంది, ఆడవాళ్ళూ మగవాళ్ళూ. మెల్లగా లాగుతూ రెండు జట్లూ దగ్గరవుతాయి. రెండు తాళ్ళూ సరిసమానంగా రావాలి, ఒకటి ముందైతే వల వంకరపోతుంది, అడుగు లేచి చేప కింద నుంచి జారిపోతుంది. ఆ రెండింటినీ సరిచూసేవాడు హైలెస చెప్పేవాడు. ఇక్కడ ఆ పని పోలయ్య మామది, పెంచల్ మేనమామ. అరవై దాటిన మనిషి, ఎండు మిరపకాయలా ఉన్నాడు. తువ్వాలు ఎత్తి, అల ఒడ్డుకొచ్చేటప్పుడు "హైలెస" అంటాడు, లాగుతారు. అల వెనక్కి పోయేటప్పుడు నోరు మూస్తాడు, అందరూ మడమలు ఇసకలో దించి బిగబట్టి నిలబడతారు. నేను పాటలో ఆ అరుపే తీసుకున్నాను. ఆ మౌనం కూడా అందులో భాగమని నాకు ఆ పూటే తెలిసింది, మా పాటలో దానికి చోటే లేదు.

పెంచల్ ఇవతలి తాడు చివర ఉన్నాడు. జుట్టు కత్తిరించేశాడు. అందరూ తిరిగి "హైలెస" అంటున్నారు, అతను మాత్రం పెదవి కదపకుండా లాగుతున్నాడు.

"వచ్చినావా అన్నా" అన్నాడు, తాడు వదలకుండానే. "పట్టుకో. ఊరకే నిలబడితే తిడతారు."

చెప్పులు విప్పి తాడు పట్టుకున్నాను. ముందు రమణమ్మక్క ఉంది, పెంచల్ అక్క. చీర కుచ్చెళ్ళు దోపి, తల తిప్పకుండానే "టిఫిను తిన్నావా నాయనా" అని అడిగింది. గిటారు వాయించే వేళ్ళ కొసలు గట్టిపడి ఉంటాయి గాని అరిచేతులు పనికిమాలినవి. ఐదు నిమిషాల్లో మంట మొదలైంది. అయినా ఊరుకోలేదు. లాగుతూనే జర్మనీ సంగతి చెప్పాను, సాయంత్రంలోగా మాట చెప్పాలన్నాను, డ్రమ్ములవాడి ఇంటి పరిస్థితి చెప్పాను. పెంచల్ విన్నాడో లేదో తెలియదు.

"రికార్డు అనేది ఒట్టి ఆసరా పెంచల్. ప్రపంచంలో అందరూ వాడేదే. దానికింత రాద్ధాంతమా?" అన్నాను.

"తాడు చూడన్నా" అన్నాడు.

ఇంతలో అవతలి తాడు దేనికో తట్టుకుని మెలిపడింది. "పట్టుకోని నిలబడండి, లాగొద్దు" అని చెప్పి పోలయ్య మామ అటు పోయాడు. మేము ఎండలో కదలకుండా నిలబడ్డాం. దగ్గర్లోనే, నురగకి కాస్త అవతల నీళ్ళ అడుగున తెల్లగా మెరుస్తోంది. కవళ్ళు అనే చేపలు, పెద్ద గుంపే పడిందని అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. వరసలో ఒకామె నన్ను చూసి "మా పెంచలయ్య పాట మీ ఫోన్లో ఉంటది గదా, పెట్టు సామీ, నిలబడి నిలబడి కాళ్ళు పీకతుండాయి" అంది. చేపల కోసం ఆగిన మస్తాన్ స్పీకరు పట్టుకుని పక్కనే ఉన్నాడు. పెంచల్ "వద్దన్నా" అన్నాడు. నేను విన్నాను. వినే పెట్టాను. నీ వాళ్ళే నీ రికార్డుకి ఎలా మురిసిపోతారో నీ కళ్ళతో నువ్వే చూడు, అప్పుడు మాట్లాడదాం అనుకున్నాను.

'తాడు' మొదలైంది. హైలెస అని పెంచల్ గొంతు ఒడ్డంతా మోగింది. అందరూ నవ్వారు, ఈలలు వేశారు. రెండో హైలెసకి నవ్వు ఆగింది, చేతులు కదిలాయి. పుట్టినప్పటినుంచి ఆ మాట వినపడితే లాగిన చేతులవి, ఆగమంటే ఎట్లా ఆగుతాయి? మూడోదానికి అందరం లాగుతున్నాం, నేను కూడా. ఎంత బాగా వచ్చిందో తాడు! ఒళ్ళు తెలియని ఊపు. వెనక్కి తిరిగి పెంచల్‌ని చూసి కళ్ళెగరేశాను. అప్పటికే అతను తాడు వదిలేసి అరుస్తున్నాడు. నోరు తెరుచుకుని ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, చేతులు ఊపుతున్నాడు. ఆగండి అంటున్నాడని పెదాలు చూస్తే తెలుస్తోంది. వినపడటం లేదు. స్పీకర్లో అతనే అరుస్తున్నాడు, అతని గొంతు కన్నా గట్టిగా. అవతల పోలయ్య మామ కూడా తువ్వాలు ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. అల వెనక్కి మళ్ళింది, పాట మాత్రం లాగమంటూనే ఉంది. తాడు ఒక్క గుంజు గుంజి చేతుల్లోంచి జారింది. రమణమ్మక్క "అమ్మా" అని కూలబడింది. పెంచల్ వచ్చి మస్తాన్ చేతిలోని స్పీకరుని కాలితో తన్నేదాకా అది ఆగలేదు.

తర్వాత ముప్పావుగంట అందరూ మళ్ళీ తాళ్ళు పట్టుకుని లాగారు. వంకరపోయిన వలని ఎంత సర్దినా లాభం లేకపోయింది. ఒడ్డుకొచ్చేసరికి అందులో రెండు బుట్టల చిన్న చేపలు, జెల్లీ చేపలు, నాచు. ఆ తెల్లటి మెరుపంతా కింద నుంచి పోయింది. వేట లేని ఈ రెండు నెలల్లో ఇన్ని కుటుంబాలకి అలివి వలే ఆధారం, అది నాకు మస్తాన్ పొద్దునే చెప్పాడు. రమణమ్మక్క అరిచేతుల్లో తోలు లేచి నీరు కారుతోంది, పసుపు అద్దుకుంటోంది.

పోలయ్య మామ వచ్చి నడుమ నిలబడ్డాడు. "ఎవుర్రా హైలెస చెప్పింది?"

ఎవరో మెల్లగా "పెంచలయ్య గొంతు మామా" అన్నారు.

"తప్పు నాది. ఫోన్లో నేనే పెట్టాను. అతను వద్దనే అన్నాడు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కోపం కూడా లేదు ఆ చూపులో. "పెట్టింది నువ్వే నాయనా. గొంతు వాడిది."

అక్కడ కట్టుబాటు అదట. హైలెస ఎవరిదైతే ఆ పూట వల వాళ్ళది. నిండినా వాళ్ళ పేరే, పోయినా వాళ్ళ పేరే. పోగొట్టినవాడు ఆ పూట చేపల్లో తన పాలు, అంటే వాటా, తీసుకోకూడదు. పెంచల్ తల ఊపి, గుంపులోంచి బయటికి నడిచి, బోర్లించిన ఒక తెప్ప పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్ళు గుండ్రంగా కూర్చుంటే, కట్టు కట్టుకున్న చేతుల్తోనే రమణమ్మక్క చేపల్ని పోగులు పెట్టింది. ఒక పోగు నా ముందు కూడా పెట్టింది. ఆరు చిన్న కవళ్ళు.

"నాకొద్దక్కా. నేను చేసిన పనికి..."

"వద్దనగూడదు. తాడు పట్టినావు గదా" అంది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ పాలు ఉంటుందట, దారిన పోయేవాడైనా సరే. ఆ ఒడ్డున ఆ పూట వట్టి చేతుల్తో లేచింది పెంచల్ ఒక్కడే. ఆ ఆరు చేపలూ పట్టుకుని అక్కడికక్కడే చచ్చిపోదామనిపించింది.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. ఆ కవళ్ళే మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టింది రమణమ్మక్క, అరిచేతులు ఒరుసుకుపోయిన మనిషి. మాలాంటివాళ్ళం హోటళ్ళలో రెండు వందల యాభై పెట్టి తినే నెల్లూరు చేపల పులుసుకీ దీనికీ పోలికే లేదు. రుచి చెప్పే మనఃస్థితిలో నేను లేను గాని, మెతుకు వదలకుండా తిన్నాను. సిగ్గులేని కడుపు. పెంచల్ ఆ పులుసు ముట్టలేదు, మజ్జిగ పోసుకుని తిన్నాడు. పోలయ్య మామ మాట ఇంట్లోనూ చెల్లుతుందట.

వసారాలో కూర్చున్నాం. "పొద్దున గట్టిగా అరిచావు. గొంతు మళ్ళీ పాడవుతుందేమో" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"గొంతు బాగైంది అన్నా. నెల దాటింది. డాక్టరు గూడా పాడుకోవచ్చన్నాడు."

ఇన్నాళ్ళూ గొంతు కోసమే ఆగాడని అందరికీ చెప్తూ తిరిగాను. నేనూ అదే నమ్ముదామనుకున్నాను. "మరి ఎందుకు రావు? మామ పక్కన హైలెస కూడా అనడం లేదేం?"

కాలి గోటితో నేల గీరాడు. "నేను నోరు మూసుకున్నా నా గొంతు వస్తుంది. నేను తెరిచి అరిస్తే వినపడదు. ఇంక ఎందుకన్నా తెరిచేది? ఆ పొద్దు చప్పట్లు కొట్టినారు, ఈ పొద్దు తప్పు నా మీదేసినారు. రెండిట్లో ఒకటి గూడా నేను చేసింది గాదు."

సారీ చెప్పాను. ఈసారి నిజంగా చెప్పాను, ఫోన్లో చెప్పినట్టు కాదు. అతను విన్నాడు. జర్మనీలో రికార్డు ఉండదు, గొంతు పోతే పోయిన చోట పాట ఆపేద్దాం, నీ మీద ఒట్టు అన్నాను. మొదటిసారి తల ఎత్తి నా మొహంలోకి చూశాడు. "ఆపేస్తావా? జనం ముందర?" అన్నాడు. ఆపేస్తానన్నాను. అతని మొహంలో ఏదో మెత్తబడింది. ఇది నేను కల్పించుకున్నది కాదు, పదకొండేళ్ళుగా ఆ మొహం నాకు తెలుసు. లేచి నీళ్ళు తాగొచ్చి, నా పక్కనే ఆనుకుని కూర్చున్నాడు. రెండు నిమిషాలు ఆగితే ఏదో చెప్పేవాడే.

ఫోను మోగింది. జర్మనీ వాళ్ళ తరఫున మాట్లాడే బొంబాయి మనిషి. చెయ్యి మంటకి ఫోను చెవి దగ్గర పెట్టుకోలేక స్పీకరు నొక్కాను. ఏమైందని అడిగాడు. పాటగాడితో మాట్లాడుతున్నాను, ఇంకా ఒప్పుకోలేదు అన్నాను. "దానికేముంది, బెంగళూరులో వాడిన రికార్డు ఉందిగా! మొహానికి రంగు పూసి ఎవణ్ణో ఒకణ్ణి నిలబెట్టండి. అంత దూరంలో ఎవడికి తెలుస్తుంది? ఇరవై నిమిషాల వాయింపు" అన్నాడు. హిందీలో అన్నాడు, పెంచల్‌కి హిందీ నాకంటే బాగా వచ్చు.

ఛీ పొమ్మనలేదు నేను. ఇది రాయకపోతే ఈ పోస్టు రాయడం దండగ. జర్మనీ, పదకొండేళ్ళు, డ్రమ్ములవాడి అప్పులు, మా పిన్ని నవ్వు, అన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. "ఆలోచించి చెప్తా" అన్నాను. అంతే, రెండు మాటలు. ఫోను పెట్టేశాక పక్కకి తిరిగాను.

పెంచల్ లేచి నిలబడి ఉన్నాడు. "బస్సు నాలుగింటికి అన్నా. అది పోతే ఐదున్నర దాకా లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. ఊరు కొత్తవాడికి ఎవరైనా చెప్పినట్టే చెప్పాడు. అదే భరించలేకపోయాను. తిడితే బాగుండేది, కొడితే ఇంకా బాగుండేది. పెంచల్, అది నోరు జారిన మాట అన్నాను. కాదని ఇద్దరికీ తెలుసు. అతను ఇంటి వెనక్కి వెళ్ళి, పొద్దున చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. రమణమ్మక్క మాత్రం వాకిలి దాకా వచ్చి "జాగ్రత్తగా పో నాయనా, చేతులకి కొబ్బరినూని రాసుకో" అంది.

నాలుగింటి బస్సే ఎక్కాను. ఇందుకూరుపేట దాటాక బొంబాయికి ఫోను చేసి మేము రావడం లేదని చెప్పాను. ఆ మనిషి ఏమాత్రం బాధపడలేదు, వేరే బ్యాండు ఉంది అన్నాడు, ఆల్ ది బెస్ట్ అన్నాడు. ఈ సంగతి పెంచల్‌కి మెసేజీ పెట్టాను. చదివినట్టు గీతలు నీలంగా మారాయి, జవాబు రాలేదు. వద్దన్నానని చెప్పుకోవాలంటే అదే పని గంటన్నర ముందు చెయ్యాల్సింది.

మా విరామం ఎప్పుడు అయిపోతుందని చాలామంది అడుగుతున్నారు. గొంతు బాగాలేదని, కొత్త పాటలు కడుతున్నామని ఇన్నాళ్ళూ రకరకాలుగా చెప్పాను. అవన్నీ అబద్ధాలు. మా బ్యాండు ఎత్తుకెక్కిన రాత్రే చచ్చిపోయింది, చంపింది నేను, జనం చప్పట్ల హోరులో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. పెంచల్ మళ్ళీ ఎప్పుడైనా నోరు తెరుస్తాడేమో, అది ఆ ఒడ్డున వాళ్ళ మామ పక్కన కావచ్చు, మా పక్కన మాత్రం కాదు. దయచేసి మైపాడు వెళ్ళినవాళ్ళెవరూ అతని ఇల్లు వెతుక్కుంటూ పోకండి, సెల్ఫీలు అడగకండి, హైలెస చెప్పమని అసలే అడగకండి. ఈ పోస్టులో పాలెం పేరు రాయనిది అందుకే. మైపాడు ఒడ్డు మీకు చాలు, అక్కడి సముద్రం బాగుంటుంది.

ఇక ఎప్పుడూ చెప్పే ఒక సలహా. వేసవి సెలవుల్లో నెల్లూరు నుంచి హైదరాబాదుకి రైల్లో చోటు దొరకడం కష్టం, వెళ్ళేటప్పుడే తిరుగు టికెట్టు కూడా తీసుకోండి. అయితే మీ మటుకే తీసుకోండి. నేను రెండు తీశాను, రెండోది పెంచలయ్య పేరు మీద, అతన్ని ఒక్క మాటైనా అడగకుండా. కావలి దాటాక టీసీ వచ్చి పెంచలయ్య ఎవరండీ అన్నాడు. రాలేదన్నాను. ఒంగోల్లో ఎక్కిన ఒక ముసలాయనకి ఆ సీటు రాసిచ్చి, ముందుకెళ్ళిపోయాడు.